క్రిమినల్ కేసుల్లో సాక్ష్యం ఎలా చదవాలి: లా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ అదాలత్ సెంటర్‌లోని కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తాను. సాయంత్రాలు లా చదివే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. సుబేదారి లా కాలేజీ నుంచి వచ్చేవాళ్లు కొందరు. పరకాల, నర్సంపేట, జనగామ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఇంకొందరు. ఏటా కొత్త ముఖాలే కానీ అడిగే సంగతులు ఇంచుమించు ఒకటే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

1872 సాక్ష్య చట్టం పోయింది కదా సార్, పాత పుస్తకాలు పక్కన పెట్టేయాలా?

పెట్టేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో 167 సెక్షన్లు ఉండేవి, దీంట్లో 170 ఉన్నాయి. నంబర్లు మారాయి, కొన్ని సెక్షన్లు కలిసిపోయాయి, ఎలక్ట్రానిక్ రికార్డుల దగ్గర కొత్త మాటలు చేరాయి. మిగతాది చాలావరకు పాత ఇల్లే, గదుల నంబర్లు మార్చారు. మాట మారనిచోట నూట యాభై ఏళ్ల తీర్పులు ఇప్పటికీ పనికొస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం, అది వచ్చేనాటికే నడుస్తున్న కేసులు పాత చట్టం కిందే సాగుతాయి. ఈ రోజు సెషన్స్ కోర్టులో కూర్చుంటే ఒక కేసులో 65బి అని, తర్వాతి కేసులో 63 అని వినిపిస్తుంది. రెండూ తెలియాలి.

నోటుబుక్కులో ఒక పేజీకి నిలువు గీత కొట్టి ఎడమవైపు పాత నంబరు, కుడివైపు కొత్తది రాసుకోండి. మరణ వాంగ్మూలం 32 నుంచి 26కి వచ్చింది. పోలీసుల ముందు ఒప్పుకోలు గురించిన 25, 26, 27 మూడూ కలిసి 23 అయ్యాయి. ఎలక్ట్రానిక్ రికార్డు 65బి ఇప్పుడు 63, పిలిచినవాళ్లకే ఎదురుతిరిగే హాస్టైల్ సాక్షి 154 ఇప్పుడు 157, జడ్జి ప్రశ్నలడిగే అధికారం 165 ఇప్పుడు 168. వీటితో మొదలుపెడితే చాలు, మిగతావి వాడుకలో వస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి సెక్షన్ నుంచి బట్టీ పట్టాలా?

బట్టీ పట్టినవాళ్లు మూడో నెలకే విసిగిపోవడం చూశాను. 2వ సెక్షన్‌లోని నిర్వచనాల దగ్గర రెండు రోజులు ఆగండి. అక్కడ మూడు మాటలున్నాయి: రుజువైంది, తప్పని రుజువైంది, రుజువు కాలేదు. మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. కానీ క్రిమినల్ కోర్టులో కేసులు కొట్టేసేది ఎక్కువగా ఆ మూడో మాట మీదే. నిందితుడు చేయలేదని తేలడం వేరు, చేశాడని తేలకపోవడం వేరు. ఈ తేడా మనసుకు పట్టకపోతే ఊళ్లోవాళ్లలాగే మనం కూడా "వాడే చేసిండు, కోర్టు ఇడిసిపెట్టింది" అనుకుంటాం.

ఆ తర్వాత సెక్షన్లు చదివేటప్పుడు ప్రతి సాక్షి గురించీ ఒకటే అడగండి: ఈ మనిషికి ఈ సంగతి ఎట్లా తెలుసు? కళ్లతో చూశాడా, ఎవరో చెబితే విన్నాడా, ఊహించాడా, స్టేషన్‌లో ఎవరైనా చెప్పించారా? సాక్ష్య చట్టంలో సగం ఈ ప్రశ్నకు జవాబే. తప్పుడు మనిషి జైలుకు పోతాడన్న భయంతో పుట్టిన నిబంధనలివి. ఆ భయం అర్థమైతే సెక్షన్ ఎందుకు అలా రాశారో అదే తెలుస్తుంది.

విన్న మాట సాక్ష్యం కాదంటారు. మరి కోర్టులో అందరూ విన్న మాటలే చెబుతారు కదా?

చెబుతారు. దాన్ని పట్టుకోవడమే లాయర్ పని. నోటితో చెప్పే సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలని 55వ సెక్షన్ అంటుంది. చూసిన సంగతైతే చూసినవాడే చెప్పాలి, విన్న సంగతైతే విన్నవాడే చెప్పాలి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వరం ఉంది. మన భాషలో విన్న మాటకు తోక ఉంటుంది. "మల్లయ్య కొట్టిండు" అంటే చూశాడు. "మల్లయ్య కొట్టిండట" అంటే విన్నాడు. ఆ చిన్న "అట" దగ్గరే 55వ సెక్షన్ అంతా ఉంది. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతుంటే వాంగ్మూలం ఎక్కువగా ఇంగ్లిష్‌లో టైప్ అవుతుంది. ఆ దారిలో "అట" రాలిపోతుంది, "కొట్టిండు" మిగులుతుంది. అందుకే సాక్షి మాట్లాడుతున్నప్పుడు టైపింగ్ స్క్రీన్ వైపు చూడకండి, సాక్షి నోటి వైపు చూడండి. "అట" వినిపించిందా, వెంటనే లేచి ఆ సంగతి రికార్డులోకి వచ్చేలా చూడమని కోర్టును కోరండి. తెలుగు మీడియంలో చదివామని దిగులుపడే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. మీ చెవి మీకు ఆస్తి.

మినహాయింపులు ఉన్నాయి. గొడవ జరుగుతున్నప్పుడే, అదే వేడిలో వచ్చిన అరుపు 4వ సెక్షన్ కింద లోపలికి వస్తుంది. "అయ్యో, చంపుతున్నడు" అన్న కేకను పక్కింటామె విని చెబితే అది ఆ ఘటనలో భాగమే. గంట తర్వాత తీరిగ్గా చెప్పిన కథ అలా రాదు. అన్నిటికంటే పెద్ద మినహాయింపు మరణ వాంగ్మూలం.

మరణ వాంగ్మూలం ఒక్కదానితోనే శిక్ష వేయొచ్చా?

వేయొచ్చు. కోర్టుకు అది నిజమని నమ్మకం కుదిరితే వేరే సాక్ష్యం తోడు ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 1957లోనే ఖుషాల్ రావు కేసులో చెప్పింది. కానీ ఆ మనిషిని క్రాస్ చేసే, అంటే ఎదురు ప్రశ్నలు వేసి పరీక్షించే వీలు లేదు కాబట్టి పరిశీలన గట్టిగా ఉంటుంది.

ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి కాలిన గాయాలతో తెచ్చిన ఒకామె దగ్గరికి మేజిస్ట్రేట్ వచ్చారనుకోండి. ముందు పోలీసులనూ బంధువులనూ బయటికి పంపాలి. పేరు, ఊరు, ఇప్పుడు ఎక్కడున్నావని అడిగి ఆమె తెలివిలో ఉందో లేదో చూడాలి. ఆ తర్వాతే ఏం జరిగిందని అడగాలి. ఆమె మాట ఆమె మాటల్లోనే రాయాలి. ఫైల్ మీ చేతికి వచ్చినప్పుడు ఈ వరుసలో ఏది తప్పిందో చూడండి. డాక్టర్ సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలం కొట్టుకుపోదని 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఆమె తెలివిలో ఉందని రాసుకున్న మనిషి కోర్టును నమ్మించగలిగితే చాలు.

దీని మీద మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసు ఒకటుంది, తప్పకుండా చదవండి. పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో రైలు పెట్టెలో ఒక ఇనప ట్రంకు దొరికింది, దాంట్లో శవం ముక్కలు. చనిపోయింది పిఠాపురంలో బంట్రోతుగా చేసిన మనిషి. ఇల్లు వదిలేముందు, రావాల్సిన డబ్బు ఇస్తామని ఉత్తరం వచ్చిందనీ బరంపురం పోతున్నాననీ భార్యతో చెప్పాడు. అప్పటికి అతనికి చావు భయం ఏమీ లేదు. అయినా ఆ మాట అతని చావుకు దారితీసిన పరిస్థితుల్లో భాగమేనని 1939లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు, ఒప్పుకుంది. ఇంగ్లండ్‌లో అయితే చావు తప్పదని తెలిసి అన్న మాటే చెల్లుతుంది, మన దగ్గర ఆ షరతు లేదు. పెనిమిటి గడప దాటుతూ అన్న మాటను ఆ ఇల్లాలు గుర్తుపెట్టుకుని కోర్టులో చెప్పింది. అది లండన్ దాకా నిలబడింది.

పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే ఇంకేం కావాలి?

ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 23వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలు రుజువుగా పనికిరాదు. కస్టడీలో ఉండగా ఇంకెవరికి చెప్పినా, మేజిస్ట్రేట్ ఎదురుగా ఉంటే తప్ప చెల్లదు. కొట్టి చెప్పించే ప్రమాదం ఉంది కాబట్టే ఈ గోడ.

గోడకు ఒక కిటికీ ఉంది. నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా సంగతి బయటపడితే, సూటిగా ఆ సంగతికి సంబంధించిన ముక్క మాత్రం లోపలికి వస్తుంది. పాత 27వ సెక్షన్ ఇదే. దీనికి ప్రాణం పోసింది కూడా తెలుగు కేసే. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తానని నిందితుడు చెబితే, బయటపడిన సంగతి కత్తి కాదు. ఆ కత్తి అక్కడ ఉందనీ అది అతనికి తెలుసనీ బయటపడింది. "దాంతోనే పొడిచాను" అన్న మాట కత్తిని కనుక్కోవడానికి ఉపయోగపడలేదు కాబట్టి అది రాదు.

పిల్లలతో నేను చేయించే పని చెబుతాను. పాత కేసు ఫైల్లోంచి ఒక ఒప్పుకోలు పంచనామా జిరాక్స్ తీసి పేర్లు కొట్టేసి ఇస్తాను. ఎర్ర పెన్నుతో చెల్లని మాటలన్నీ కొట్టేయమంటాను. రెండు పేజీల కాగితంలో చివరికి ఒక వాక్యం మిగులుతుంది. "గడ్డివాములో దాచిన కొడవలి చూపిస్తాను" అన్నంత మాత్రమే. ఆ ఎర్రబడిన కాగితం చూశాక 23వ సెక్షన్ ఎవరూ మరిచిపోలేదు.

ఆ కొడవలి దొరికిందని చెప్పాల్సింది పంచ్ సాక్షులు, మన దగ్గర మధ్యవర్తులంటాం. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో విన్న ఒక సాక్షి ఇంకా గుర్తున్నాడు. అరవై దాటిన రైతు, భుజాన తువ్వాల. గుడ్డ మూట విప్పి కొడవలి చూపించారు. పిడికి దారంతో కట్టిన చీటీ, దాని మీద ఆయన సంతకం. చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "సంతకం నాదే సార్. కొడవలి దొరికినప్పుడు నేను ఆడ లేను. టేషన్ల పెట్టమంటే పెట్టిన" అన్నాడు. హాలు నిశ్శబ్దమైంది. సంతకం నిజం, అది చెప్పే కథ అబద్ధం. కాగితం కోర్టు రికార్డులో నంబరుతో మార్క్ అవడం వేరు, కాగితంలోని సంగతి రుజువవడం వేరని ఆ రోజు నాకు బోధపడింది.

161 స్టేట్‌మెంట్‌లో అంతా రాసే ఉంటుంది కదా, మళ్లీ సాక్షిని ఎందుకు అడగాలి?

పోలీసులు దర్యాప్తులో రాసుకునే ఆ స్టేట్‌మెంట్ సాక్ష్యం కాదు. సాక్షి దాని మీద సంతకం కూడా పెట్టడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 161వ సెక్షన్, ఇప్పుడది కొత్త నాగరిక్ సురక్ష సంహితలో 180వ సెక్షన్, దాన్ని ఎలా వాడాలో చెప్పేది 181. డిఫెన్స్ దాన్ని వాడేది ఒక్క పనికే: సాక్షి కోర్టులో చెప్పేదానికీ అప్పుడు చెప్పినదానికీ తేడా ఉందని చూపడానికి.

ఆ చూపడానికి ఒక పద్ధతి ఉంది, దాంట్లో ఒక మెట్టు తప్పినా పని చెడుతుంది. ముందు సాక్షికి ఆ ముక్క చదివి వినిపించాలి, "మీరు పోలీసులకు ఇలా చెప్పారా?" అని అడగాలి. ఒప్పుకుంటే అక్కడికి సరి. చెప్పలేదంటే ఆ ముక్కను గుర్తుపెట్టి ఉంచి, దర్యాప్తు అధికారి (ఐఓ) బోనులోకి వచ్చినప్పుడు ఆయన్ని అడగాలి: "ఈ సాక్షి మీతో ఇలా చెప్పారా?" ఆయన అవునంటేనే తేడా రుజువైనట్టు. అప్పుడు అది డిఫెన్స్ తరఫు మొదటి పత్రంగా, డీ-1గా మార్క్ అవుతుంది.

నా మొదటి సెషన్స్ కేసులో సాక్షిని బాగానే పట్టుకున్నాను. ఐఓ క్రాస్ రోజు టెన్షన్‌లో ఆ ప్రశ్న అడగడం మరిచిపోయాను. వాదనల రోజు నేను ఆ తేడా గురించి చెబుతుంటే జడ్జి గారు ఫైల్ తిరగేసి, "ఐఓని అడిగారా?" అన్నారు. అడగలేదు. ఆ తేడా కాగితంలోనే ఉండిపోయింది. జైల్లో ఉన్న మనిషి తల్లి హాలు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. అప్పటినుంచి ఐఓ ప్రశ్నలు వేరే కాగితం మీద రాసుకుని, అడిగినదల్లా టిక్ పెట్టుకుంటాను. మీరు కూడా అలాగే చేయండి.

సాక్షి హాస్టైల్ అయితే కేసు పోయినట్టేనా?

కాదు. 157వ సెక్షన్ కింద పిలిచినవాళ్లే తమ సాక్షిని క్రాస్ చేయడానికి కోర్టు అనుమతిస్తుంది. అంతమాత్రాన ఆ సాక్షి చెప్పినదంతా చెరిగిపోదు. నమ్మదగిన ముక్కను కోర్టు తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఊళ్లో రాజీ అయి, పెద్దమనుషుల మాట కాదనలేక మాట మార్చే సాక్షులను ఇక్కడ రోజూ చూస్తాం. వాళ్లను తిట్టుకోవడం కంటే, మాట మార్చకముందు చెప్పినదాంట్లో ఏది వేరే సాక్ష్యంతో కలుస్తుందో వెతకడం మేలు.

ఒక్క సాక్షే ఉంటే?

సరిపోతుంది. ఇంతమంది ఉండాలన్న లెక్క లేదని 139వ సెక్షన్ చెబుతుంది. 1957లో వడివేలు తేవర్ కేసులో సాక్షులను మూడు రకాలుగా విడదీశారు: పూర్తిగా నమ్మదగినవాళ్లు, అసలు నమ్మలేనివాళ్లు, అటూ ఇటూ కానివాళ్లు. మూడో రకానికే తోడు సాక్ష్యం కావాలి.

చూసినవాళ్లెవరూ లేకపోతే?

అప్పుడు పరిస్థితుల సాక్ష్యం. 1984 నాటి శరద్ బిర్దీచంద్ సర్దా తీర్పులోని ఐదు సూత్రాలను సొంత మాటల్లో చెప్పడం నేర్చుకోండి. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువవ్వాలి. అవన్నీ నిందితుడి నేరంతోనే పొసగాలి. అవి తేల్చిచెప్పేలా ఉండాలి. ఇంకో రకంగా జరిగి ఉండొచ్చన్న ఊహకు చోటివ్వకూడదు. గొలుసులో ఎక్కడా తెంపు ఉండకూడదు.

2020 మేలో మన గీసుగొండ మండలం గొర్రెకుంటలో ఒకే బావిలో తొమ్మిది శవాలు తేలాయి. ఆ రోజులు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. పొట్టచేత పట్టుకుని బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లతో ఉన్నవాళ్లు. లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో వరంగల్ కోర్టు నిందితుడికి మరణశిక్ష విధించింది. అలాంటి కేసులో పోస్ట్‌మార్టం రిపోర్టు, సీసీ కెమెరాలు, నిద్రమాత్రలు ఎక్కడ కొన్నారన్న ఆరా, ఒక్కొక్కటీ గొలుసులో ఒక్కో లంకె. ఎంత ఘోరమైన నేరమైతే మనసు అంత తొందరగా నమ్మేస్తుంది. కాబట్టి అంత జాగ్రత్తగా ప్రతి లంకెనూ లాగి చూడాలి.

ఫోన్ వీడియో, సీసీ కెమెరా ఫుటేజీ పెన్ డ్రైవ్‌లో ఇస్తే చాలదా?

చాలదు, సర్టిఫికెట్ కావాలి. 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిట్‌రావు కేసు ఈ సంగతి గట్టిపరిచాయి. అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి దాని యజమాని సాక్ష్యం చెబితే వేరు, కాపీ ఇస్తే మాత్రం సర్టిఫికెట్ తప్పదు. కొత్త 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ నమూనా చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. దాంట్లో రెండు భాగాలు: ఒకటి రికార్డు ఇచ్చే మనిషి నింపేది, రెండోది నిపుణుడు నింపేది. హ్యాష్ విలువ రాయాలి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే నంబరు అది, వేలిముద్ర లాంటిదనుకోండి.

చౌరస్తాలో కిరాణా కొట్టు కెమెరా ఫుటేజీ కొన్ని రోజులకే దానంతటదే చెరిగిపోతుంది. ఐఓ ఎన్నో రోజున వెళ్లాడు, ఎవరు కాపీ చేశారు, ఆ గడియారం సరైన సమయమే చూపిస్తోందా, ఇవన్నీ అడగాల్సినవే.

తాను తప్పు చేయలేదని నిందితుడే నిరూపించుకోవాలా?

లేదు. ఆ బరువు ప్రాసిక్యూషన్‌దే, 104వ సెక్షన్. ఆత్మరక్షణ లాంటి మినహాయింపు కోరితే 108 కింద అతని మీదికి కొంత వస్తుంది, అదీ సందేహాతీతంగా కాదు. తనకు మాత్రమే తెలిసిన సంగతి గురించిన 109ని చూపి ప్రాసిక్యూషన్ తన పని తప్పించుకోలేదని 1956 నుంచీ తీర్పులున్నాయి. వరకట్న మరణం లాంటి కొన్ని చోట్ల చట్టమే కోర్టును కొంత ఊహించుకోమంటుంది. అక్కడ కూడా ముందు కొన్ని సంగతులు ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సిందే.

పరీక్షలకు ఏం చేయాలి?

బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యలు లేని చట్టం మూలపాఠం చదవండి, గైడ్ తర్వాత. బార్ కౌన్సిల్ పరీక్షకు నోట్సు లేని బేర్ యాక్ట్ తీసుకెళ్లనిస్తారు, దాంట్లో పేజీ వెతకడం చేతికి అలవాటవ్వాలి. జడ్జి పోస్టుల మీద ఆశ ఉన్నవాళ్లకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లను భారమనుకోకండి. సెక్షన్లు మనుషులుగా కనిపించేది అప్పుడే.

కోర్టుకు వచ్చి చూడొచ్చా? ఎవరైనా ఆపుతారా?

రండి. క్రిమినల్ విచారణ బహిరంగంగానే జరుగుతుంది. అత్యాచారం, పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసులు మాత్రం మూసిన హాల్లో జరుగుతాయి, అక్కడికి వెళ్లకూడదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక బెంచీలో కూర్చోండి, కాలు మీద కాలు వేయకండి.

రోజుకో కోర్టు తిరగకండి. ఒక్క సెషన్స్ కేసు ఎంచుకుని, ప్రతి వాయిదాకూ రండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకోండి: సాక్షి ఏం చెప్పాడు, అతనికి ఎట్లా తెలుసు, ఏ సెక్షన్ కింద లోపలికి వచ్చింది. రెండో గడి ఖాళీగా ఉన్నచోట ఎర్ర చుక్క పెట్టండి. డిఫెన్స్ లాయర్ క్రాస్ మొదలుపెట్టినప్పుడు ఆ చుక్కల దగ్గరికే వస్తాడా, వేరే ఎటైనా పోతాడా చూడండి. మధ్యమధ్య జడ్జి గారు తనంతట తాను అడిగే ప్రశ్నలుంటాయి, 168 కింద. వాటిని మాటకు మాట రాసుకోండి, కేసు ఎక్కడ ఆగిందో వాటిలోనే తెలిసిపోతుంది.

ఐఓని విచారించే రోజు మాత్రం మధ్యాహ్నం భోజనానికని లేచి బస్టాండ్ వైపు వెళ్లిపోకండి. ఆయన క్రాస్ చాలాసార్లు మూడు తర్వాతే మొదలవుతుంది, హాలు అప్పటికి సగం ఖాళీ అవుతుంది. సాయంత్రం నా దగ్గరికి ఆ నోటుబుక్కు తీసుకురండి, ఎర్ర చుక్కల పేజీ తెరిచి కూర్చుందాం.